నెడ్ రైట్ కాస్మాలజీ కాలిక్యులేటర్: ఎంత దూరం వరకు నమ్మొచ్చు?

ఎస్వీ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ ప్రాజెక్టుకు గెలాక్సీ దూరాలు కావాలంటే ఖగోళ శాస్త్రవేత్త నెడ్ రైట్ తయారుచేసిన ఈ కాలిక్యులేటర్ వెబ్‌పేజీ బాగా పనికొస్తుంది. పైసా ఖర్చు లేదు, ఫోన్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది. హబుల్ స్థిరాంకం (విశ్వం విస్తరించే రేటు), పదార్థ సాంద్రత, రెడ్‌షిఫ్ట్ (విస్తరణ వల్ల కాంతి తరంగాలు ఎంత సాగాయో చెప్పే సంఖ్య) గడులు నింపి ‘ఫ్లాట్’ (వంపు లేని విశ్వం) నొక్కితే ప్రకాశ దూరం (కనిపించే వెలుగును బట్టి), కోణీయ దూరం (కనిపించే పరిమాణాన్ని బట్టి), కాంతి ప్రయాణ కాలం అన్నీ ఒకేసారి వచ్చేస్తాయి. హబుల్ గడిలో ముందే 69.6 ఉంటుంది. దాన్ని తీసి ప్లాంక్ ఉపగ్రహం వాళ్ల 67.4 ఒకసారి, సెఫీడ్ నక్షత్రాలు, సూపర్నోవాలు (పేలే నక్షత్రాలు) వాడి కొలిచిన 73.04 ఒకసారి వేసి చూడండి, దూరం 8 శాతం దాకా మారుతుంది.

రెడ్‌షిఫ్ట్ గడిలో 0.01 బదులు సెకనుకు కి.మీ.లలో వేగం 3000 కొట్టినా పేజీ కిక్కురుమనదు. పరమాణువులే ఏర్పడని కాలం లెక్క తీసి చేతిలో పెడుతుంది.

అసలు చిక్కు వేరే ఉంది. ఈ లెక్కలో విశ్వం దోసెపిండిలా అంతటా సమంగా ఉంటుంది. నిజానికి గెలాక్సీ గుంపులు, వాటి నడుమ పెద్ద ఖాళీలు ఉన్నాయి. గుంపులు లాగడం వల్ల గెలాక్సీకి సొంత వేగం సెకనుకు 300 కి.మీ. వరకు ఉండటం మామూలే. 0.01 రెడ్‌షిఫ్ట్ దగ్గర విస్తరణ వేగమే 3000 కాబట్టి, సుమారు 43 మెగాపార్సెక్‌ల (ఒక్కోటి దాదాపు 32.6 లక్షల కాంతి సంవత్సరాలు) దూరంలో 10 శాతం తేడా, అంటే 0.22 మాగ్నిట్యూడ్ (ప్రకాశాన్ని కొలిచే ప్రమాణం). 0.023 దగ్గర అది 4 శాతానికి దిగుతుంది. హబుల్ స్థిరాంకం కొలిచేవాళ్లు అంతకన్నా దగ్గరి సూపర్నోవాలను పక్కన పెట్టేది అందుకే.

విశ్వ నేపథ్య వికిరణంతో (బిగ్ బ్యాంగ్ నుంచి మిగిలిన కాంతి) పోలిస్తే మన సూర్యుడి వేగం కూడా ఉంది, సెకనుకు 370 కి.మీ. కేటలాగ్‌లో రెడ్‌షిఫ్ట్ సూర్యుడి నుంచి చూసినదైతే, దాన్ని ఆ వికిరణం చట్రంలోకి మార్చాకే గడిలో వేయాలి. సూర్యుడు వెళ్లే దిక్కులోని గెలాక్సీకి కలపాలి, వెనక వైపు దానికి తీసేయాలి. గుర్తు తారుమారైతే తప్పు రెట్టింపు.

దూరం పెరిగితే ఈ బెడద తగ్గి, గురుత్వ కటకం (దారిలోని పదార్థం గురుత్వంతో కాంతిని వంచడం) మొదలవుతుంది. రాత్రి కింది నుంచి చూస్తే తిరుమల ఘాట్ దీపాలు మంచులో మసకబారతాయి కదా, ఇది అలా కాదు. మంచు కాంతిని చెదరగొట్టి తగ్గిస్తుంది, పదార్థం కాంతిని దారి మళ్లించి పంచుతుంది, అంతే. చాలా సూపర్నోవాలు ఖాళీల మీదుగా వచ్చి కాస్త మసకగా, కొన్ని మాత్రం బాగా ప్రకాశవంతంగా కనిపిస్తాయి. రెడ్‌షిఫ్ట్ 1 దగ్గర ఈ చెదురు సుమారు 0.055 మాగ్నిట్యూడ్. మధ్యగతం తీస్తే దూరం ఎక్కువ చూపుతుంది, అందుకే కాంతి ప్రవాహాల సగటు తీయండి.

దగ్గరి సూపర్నోవాలతో కొలిస్తే 67 బదులు 73 రావడానికి కారణం మనం ఒక పెద్ద ఖాళీ నడుమ ఉండటమేనని ఒక వాదన ఉంది, దానికీ ఇందులో గడి లేదు, చేత్తో వేయాలి. సాంద్రత 20 శాతం తక్కువైతే హబుల్ విలువ పెరిగేది 3.4 శాతమే. 8 శాతం రావాలంటే దాదాపు సగం ఖాళీ కావాలి.

రెడ్‌షిఫ్ట్ 0.03 నుంచి 0.5 వరకు నిశ్చింతగా వాడొచ్చు. నా రేటింగ్ ఐదుకు నాలుగు.