‘ది ఫోర్స్’: పెద్దాయన పిలిచిన అతిథులు

1985లో, పదిహేడేళ్ల వయసులో, ‘రేడియో’ అనే తొలి ఆల్బమ్‌తో డెఫ్ జామ్ అనే రికార్డు సంస్థకు పేరు తెచ్చిన అమెరికన్ ర్యాపర్ ఎల్‌ఎల్ కూల్ జే, 2013 నాటి ‘అథెంటిక్’ తర్వాత పదకొండేళ్లపాటు మరో ఆల్బమ్ తీసుకురాకుండా, చివరకు యాభై ఆరో ఏట ‘ది ఫోర్స్’తో తిరిగి వచ్చారు. 2024 సెప్టెంబరు 6న విడుదలైన ఈ ఆల్బమ్‌లోని 14 పాటల్లో సగానికి పైగా అతిథుల గొంతులు వినిపిస్తాయి. మా చిత్తూరు పల్లెల్లో ధర్మరాజుల గుడి ముందు పద్దెనిమిది రోజుల భారతం ఆడేటప్పుడు, పొరుగూరి నుంచి పిలిపించిన దుర్యోధన వేషధారి చప్పట్లన్నీ పట్టుకుపోవడం చూసినవారికి ఇటువంటి పిలుపుల్లోని ప్రమాదాన్ని వేరే చెప్పనక్కరలేదు.

ఆ ప్రమాదం అంచుదాకా వెళ్లిన పాట ‘మర్డర్‌గ్రామ్ డ్యూ’. 1990 నాటి తన పాట పేరునే మళ్లీ ఎత్తుకుని, ర్యాపర్ ఎమినెమ్‌తో కలిసి ఎల్‌ఎల్ పాడిన ఈ పాటలో ఊపిరి తీసుకునే చోటు కూడా మిగలనంత వేగంగా ప్రాసలు దొర్లుతాయి. వేగంలో ఎమినెమ్‌దే పైచేయి అన్నది నిజమే గాని, ఎల్‌ఎల్ గొంతులోని బరువు, ప్రతి మాటనూ నొక్కి పలికే ఆ పాత పద్ధతి, పాటను జారిపోనివ్వవు. పోటీకి దిగి నిలబడ్డ పెద్దరికం ఇది. గౌరవం కోసం ఎవరూ తగ్గి పాడలేదు.

ఆల్బమ్‌కు అసలు ఆధారం మాత్రం అతిథుల జాబితాలో కనిపించని సంగీత నిర్మాత క్యూ-టిప్. ‘ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్’ అనే హిప్-హాప్ బృందంతో పేరు పొందిన ఈయన ఎల్‌ఎల్ లాగే న్యూయార్క్‌లోని క్వీన్స్ ప్రాంతంలో పెరిగినవారు. ఇక్కడి సంగీత బాధ్యతలో సింహభాగం ఆయనదే కావడంతో, నేటి ఫ్యాషన్ బీట్ల వెంట పరుగెత్తకుండా, గరుకైన డ్రమ్ముల మీద మాటకు చోటు వదిలే పద్ధతి ఆల్బమ్ నిండా కనిపిస్తుంది. క్వీన్స్‌కే చెందిన ర్యాపర్ నాస్ ‘ప్రెయిజ్ హిమ్’లో అంత సులువుగా ఇమిడిపోవడానికి కారణం ఇదేనేమో. తిరుపతి ఆటోల్లోని పెద్ద బాక్సుల్లో ఈ డ్రమ్ములు ఒకే మోతగా కలిసిపోతాయి కాబట్టి మంచి ఇయర్‌ఫోన్లతో వినడం మేలు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్న అతిథి అసలు ర్యాపరే కాదు. పశ్చిమ ఆఫ్రికాలో తరతరాలుగా వంశగాథలు పాడే గ్రియో కుటుంబానికి చెందిన సోనా జోబర్తే, తమ సంప్రదాయంలో మగవారికే పరిమితమైన 21 తీగల కోరా వాద్యాన్ని వృత్తిగా స్వీకరించిన కళాకారిణి. ‘బ్లాక్ కోడ్ సూట్’లో ఆమె ఉనికి అలంకారంగా మిగలదు, నల్లజాతి జీవితం గురించి ఎల్‌ఎల్ చెప్పే మాటలకు అమెరికా కంటే పాతదైన మూలాన్ని చూపుతుంది. అమెరికాలో నల్లజాతి హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్ పార్టీ నాయకుడు హ్యూయీ న్యూటన్ పేము కుర్చీలో కూర్చున్న ఫొటోను గుర్తుచేసే ‘హ్యూయీ ఇన్ ద చెయిర్’లో బస్టా రైమ్స్ ఉత్సాహం బాగుంది, ఆ ఫొటో తెలియనివారు ముందుగా ఒకసారి చూసి వింటే పాట ఇంకా పట్టుబడుతుంది.

ర్యాపర్ సావీటీతో చేసిన ‘ప్రొక్లివిటీస్’ మాత్రం తేలిపోయింది. ఆమె పాడిన భాగానికీ ఆయన పాడిన భాగానికీ మధ్య సంభాషణే లేదు. రిక్ రాస్, ఫ్యాట్ జో కలిసిన ‘సాటర్‌డే నైట్ స్పెషల్’ వినసొంపుగానే సాగినా, ముగ్గురు అనుభవజ్ఞులు ఒకరి మీద ఒకరు పైచేయి కోసం ప్రయత్నించకపోవడం వల్ల, ఎమినెమ్ పాట విన్న చెవులకు చప్పగా తోస్తుంది.