జంతువుల దవడల మీద పరిశోధన చేయాలంటే ఏది మేలు: వెటర్నరీనా, జువాలజీనా, ఐసరా?

తిరుపతిలో బైపీసీ చదివే పిల్లల్లో డాక్టర్ అవ్వాలన్న కోరిక లేనివాళ్లూ ఉంటారు. పాము తన తలకన్నా లావున్న కప్పను ఎలా మింగుతుంది, ఆవు గంటలకొద్దీ నెమరు వేసినా దవడ అలసిపోదేం, కొర్రమీను నోరు తెరిచీ తెరవకముందే చిన్న చేప ఎలా మాయమవుతుంది అని అడుగుతుంటారు. డిగ్రీ పిల్లలకు జువాలజీ చెబుతాను కాబట్టి అలాంటివాళ్లు నాకు తరచూ తగులుతారు. ఇవే ప్రశ్నల మీద జీవితమంతా పనిచేసే ప్రొఫెసర్లు ఉన్నారని, శరీరం పనిచేసే తీరును భౌతికశాస్త్రం లెక్కలతో తేల్చే ఆ చదువును బయోమెకానిక్స్ అంటారని చెబితే వాళ్ల ముఖాలు వెలిగిపోతాయి. ఇంట్లోవాళ్లు మాత్రం ఒక్కటే అడుగుతారు: "అయితే దేంట్లో చేర్పించమంటారు సార్?"

ఈ ప్రశ్నకు మూడు జవాబులూ మన దగ్గరే ఉన్నాయి. వెటర్నరీ కాలేజీ 1955 నుంచి ఉంది. జువాలజీకి ఎస్వీ యూనివర్సిటీ ఉంది, అది అంతకు ఏడాది ముందే మొదలైంది. ఏర్పేడు దగ్గరి ఐసర్, అంటే సైన్సు చదువుకు, పరిశోధనకు కేంద్రం పెట్టిన సంస్థ, 2015లో వచ్చింది. ఒకే ఊరి చుట్టుపక్కల ఈ మూడూ దొరకడం చిన్న అదృష్టం కాదు.

ముందు ఈ చదువుకు ఏం కావాలో చూద్దాం. ఊసరవెల్లినే తీసుకోండి. దాని నాలుక విసురు వెనక ఉన్నది ఒట్టి కండబలం కాదు. నాలుక లోపలి ఎముక చుట్టూ సాగే పొరలు ఉంటాయి. కండరం వాటిని ముందే సాగదీసి పెడుతుంది, వదలగానే నాలుక ఉండేలు దెబ్బలా దూసుకుపోతుంది. 2016లో అచ్చయిన కొలతల్లో ఒక చిట్టి ఆఫ్రికా ఊసరవెల్లి నాలుక త్వరణం గురుత్వాకర్షణకు 264 రెట్లు వచ్చింది. ఏ కండరమూ నేరుగా అంత శక్తిని ఇవ్వలేదు. ఈ సంగతి తేల్చాలంటే ఒక చేత్తో నాలుకను పొరపొరగా విప్పగలగాలి, ఇంకో చేత్తో త్వరణం, శక్తి లెక్కలు వేయగలగాలి. శరీరం తెలిసినవాడికి లెక్కలు రాకపోయినా, లెక్కలు వచ్చినవాడికి శరీరం తెలియకపోయినా పని సగంలోనే ఆగిపోతుంది. మూడు కోర్సులనూ నేను ఈ రెంటితోనే తూచి చూస్తాను.

వెటర్నరీతో మొదలుపెడతాను, ఎందుకంటే ఈ రంగం పేరు చెప్పినప్పుడు దాన్ని ఎవరూ తలవరు. బీవీఎస్సీ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. సీటుకు నీట్ ర్యాంకు కావాలి. అక్కడ దొరికేది మాత్రం ఇంకెక్కడా దొరకదు: అసలైన శరీరాలు, అసలైన పుర్రెలు. కుక్క పుర్రెను, ఆవు పుర్రెను పక్కపక్కన పెట్టి చూడండి. కుక్కకు దవడ కీలు పళ్ల వరుస మట్టంలోనే ఉంటుంది, కణత దగ్గరి కండరం పెద్దది. కరిచి పట్టుకోవడానికి అది అనువైన అమరిక. ఆవుకు కీలు పళ్ల వరుసకు బాగా ఎత్తులో ఉంటుంది, బుగ్గ కండరం పెద్దది, దవడ అడ్డంగా కదులుతుంది. పైదవడలో ముందు పళ్లే ఉండవు, వాటి బదులు గట్టి మెత్తలాంటి చిగురు ఉంటుంది. ఈ తేడాను బొమ్మలో చూడటం వేరు, కీలును వేలితో తడిమి, కండరాన్ని ఎముక నుంచి విడదీసి చూడటం వేరు. 2014లో యూజీసీ ఆదేశాలు వచ్చాక జువాలజీ కోర్సుల్లో జంతువులను కోసి చూడటం ఆగిపోయింది. ఆ జంతువుల కోసం అది మంచిదే, నేనూ ఒప్పుకుంటాను. దాంతో ఇవాళ జువాలజీలో ఎమ్మెస్సీ పూర్తిచేసినా ఒక్క దవడ కండరం తాకకుండా బయటికి రావచ్చు.

పైగా మన జిల్లాల్లో వెటర్నరీ విద్యార్థి ముందు పరిశోధన ప్రశ్నలు నడిచి తిరుగుతుంటాయి. పుంగనూరు ఆవు ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లు. పలమనేరు పరిశోధన కేంద్రంలో ఆ జాతిని కాపాడుతున్నారు. శరీరం చిన్నదయ్యేకొద్దీ బరువు ఘనపరిమాణం లెక్కన తగ్గుతుంది, కండరం బలం అడ్డుకోత వైశాల్యం లెక్కన తగ్గుతుంది, అంటే బలం బరువంత వేగంగా తగ్గదు. మరి ఒంగోలు ఆవుతో పోలిస్తే పుంగనూరు ఆవు నమిలే తీరు, నమిలే వేగం ఎలా ఉంటాయి? దీనికి ఖరీదైన ల్యాబ్ అక్కర్లేదు. ఒక మంచి కెమెరా, కొలతలు, ఓపిక చాలు. ఇలాంటి పని మన పిల్లలు చేస్తే చూడాలని నాకు ఎంతో కోరిక.

ఈ దారిలో లోటు కూడా పెద్దదే. సిలబస్ అంతా పశువులు, మేకలు, కోళ్లు, కుక్కల చుట్టూ తిరుగుతుంది. పరిణామం గురించి చెప్పేది తక్కువ, గణితం దాదాపు ఉండదు. కోర్సు ముగిసేసరికి పశువైద్యాధికారి ఉద్యోగం ఎదురుగా కనిపిస్తుంది. అమ్మానాన్నలు "ఇంకా చదువా?" అంటారు. ఆ ఒత్తిడి తట్టుకోవడం తేలిక కాదు.

జువాలజీ బలం వేరే చోట ఉంది. తిండి మారితే శరీరం ఎలా మారుతుందన్నది పరిణామం ప్రశ్న. దానికి వందల జాతులు తెలియాలి, అడవిలో తిరగాలి. 1971లో శాస్త్రవేత్తలు ఏడ్రియాటిక్ సముద్రంలో ఒక దీవి నుంచి ఐదు జతల బల్లులను తెచ్చి పక్క దీవిలో వదిలారు. మూడున్నర దశాబ్దాల తర్వాత చూస్తే, పురుగులు తినే ఆ బల్లుల సంతతి వేసవిలో ఎక్కువగా మొక్కలే తింటోంది. తలలు పెద్దవయ్యాయి, కాటు బలం పెరిగింది, పేగులో కొత్త కవాటాలు వచ్చాయి. 2008లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. ఇలాంటి ప్రశ్న తట్టాలంటే బల్లులను ప్రేమగా చూసే కన్ను ఉండాలి. ఆ కన్ను జువాలజీ ఇస్తుంది. మనకు శేషాచలం పక్కనే ఉంది. తిరుమల కొండల్లో బంగారు బల్లి ఉంది, అది ఏం తింటుంది, ఎలా పడుతుంది అన్నది అడగదగ్గ ప్రశ్నే. అడవిలో పనికి అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. దానికి నెలలు పట్టవచ్చు, ముందే అనుకుని దిగాలి.

ఇప్పటికే డిగ్రీ జువాలజీలో ఉన్నవాళ్లు తప్పుదారి పట్టామని టెన్షన్ పడొద్దు. భౌతికశాస్త్రం ఇంటర్ స్థాయిలో మళ్లీ గట్టిగా చదవండి, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోండి, సెల్‌ఫోన్ స్లో మోషన్‌లో కప్ప ఈగను పట్టడం తీసి ఫ్రేము ఫ్రేముగా కొలవండి. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు అది చక్కటి మొదలు.

ఇక ఐసర్. డిగ్రీ, పీజీ కలిసిన ఐదేళ్ల బీఎస్-ఎమ్మెస్. మొదటి రెండేళ్లు గణితం, భౌతికం, రసాయనం, జీవశాస్త్రం అన్నీ చదివిస్తారు, చివరి ఏడాది పూర్తిగా పరిశోధన. ఈ రంగానికి కొలిచి కుట్టినట్టే ఉంటుంది. అడ్డు ఒకటే. ప్రవేశ పరీక్ష ఐఏటీలో ఉన్న 60 ప్రశ్నల్లో 15 గణితమే. బైపీసీ పిల్లలు గణితాన్ని పదో తరగతితోనే వదిలేస్తారు కాబట్టి అక్కడ వెనకబడతారు. ఇంటర్ మొదటి ఏడాదిలోనే పక్కన గణితం మొదలుపెట్టినవాళ్లకు అవకాశం ఉంటుంది. ఎంపీసీ పిల్లలకైతే ఐఐటీలో మెకానికల్ చదివి ఇటు రావడమూ సాధ్యమే. వంతెనలు, విమాన భాగాలు ఎంత భారం మోస్తాయో తేల్చే ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతితోనే 2001లో ఎమిలీ రేఫీల్డ్ బృందం ఎలోసారస్ అనే డైనోసార్ పుర్రెను పరీక్షించింది. పుర్రె చాలా గట్టిది, కాటు మాత్రం అంత బలమైనది కాదని తేలింది.

ఇన్నిట్లో నా ఓటు దేనికి? సీటు వచ్చే ర్యాంకు ఉండి, చేతులతో పనిచేయడం ఇష్టమైన పిల్లలకు నేను వెటర్నరీనే చెబుతాను. గణితం, ప్రోగ్రామింగ్ తర్వాత ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో దొరికే ఎన్‌పీటీఎల్ పాఠాలతోనైనా నేర్చుకోవచ్చు. ఆవు దవడను విప్పి చూసే అవకాశం ఇంట్లో ఎప్పటికీ రాదు. లండన్ రాయల్ వెటర్నరీ కాలేజీలో ఏనుగుల నడక నుంచి డైనోసార్ల కదలిక దాకా చదివే స్ట్రక్చర్ అండ్ మోషన్ ల్యాబ్ ఉందంటే, వెటర్నరీకి, ఈ రంగానికి బంధం ఎంత దగ్గరిదో తెలుస్తుంది. శిలాజాలు, కంప్యూటర్ మోడళ్ల మీద మనసున్నవాళ్లకు మాత్రం ఐసరే మేలు, అందులో నాకు సందేహం లేదు. పదో తరగతితో వదిలేసిన గణితాన్ని ఇరవై నాలుగేళ్లకు మళ్లీ పట్టుకోవడం అందరి వల్లా కాదు. ఆ పట్టుదల తమకు ఉందో లేదో పిల్లలు తమను తాము నిజాయితీగా ప్రశ్నించుకోవాలి.

పీహెచ్‌డీ ఇక్కడా, బయటా అన్నది తర్వాతి ప్రశ్న. ఇక్కడైతే నెట్ అనే జాతీయ పరీక్ష రాసి జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ తెచ్చుకుంటే 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం వేరు. బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లో సంజయ్ సానే బృందం పురుగులు ఎగరడం మీద చేస్తున్న పని ప్రపంచ స్థాయిది. కానీ తిండి తినే తీరు మీదే పనిచేసే ల్యాబులు మన దేశంలో చాలా తక్కువ. ఆ పని కోసమే వెళ్లేవాళ్లకు బయటికే వెళ్లమంటాను. అమెరికాలోని బ్రౌన్ యూనివర్సిటీలో ఎక్స్‌రే వీడియోతో ఎముకల కదలికను మూడు కొలతల్లో చూసే పద్ధతిని తయారుచేశారు. దానితోనే 2015లో బాస్ అనే చేప నీటితో సహా ఎరను లాక్కునే శక్తిలో 95 శాతానికి పైగా తలలోంచి కాక ఈత కొట్టే ఒంటి కండరాల నుంచి వస్తుందని తేల్చారు. మన కొర్రమీను సంగతి ఏమిటని అడిగే తిరుపతి పిల్ల అలాంటి ల్యాబుకు వెళ్తే ఆ ల్యాబుకే లాభం.

అమెరికా పీహెచ్‌డీకి ఫీజు కట్టే పని సాధారణంగా ఉండదు, పాఠాలు చెప్పినందుకు, పరిశోధన చేసినందుకు వాళ్లే జీతం ఇస్తారు. ఐదారేళ్లు పడుతుంది. తిరిగొస్తే ఐసర్‌లో అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనం 1,01,500 దగ్గర మొదలవుతుంది. కానీ దానికి పీహెచ్‌డీ తర్వాత ఇంకో మూడేళ్ల అనుభవం అడుగుతారు. ముప్పై దాటేదాకా స్థిరమైన ఉద్యోగం లేకుండా ఉండగలమా అని ఇంట్లో ముందే కూర్చుని మాట్లాడుకోవాలి. అప్పు చేసి వెళ్లే మాస్టర్స్‌తో మాత్రం ఈ పీహెచ్‌డీని కలపొద్దు. చాలాచోట్ల దరఖాస్తుల గడువు డిసెంబరులో ముగుస్తుంది, కాబట్టి మీరు పనిచేయాలనుకునే ప్రొఫెసర్‌కు ఆగస్టు, సెప్టెంబరుల్లోనే మెయిల్ రాయండి. ఆ మెయిల్‌లో మార్కుల గురించి ఒక్క వాక్యం చాలు, మిగతాదంతా మీరు తీసిన వీడియో గురించి, కొలిచిన దవడ గురించి ఉండాలి.