పిక్నిక్ డేనా, హోల్ ఎర్త్ ఫెస్టివలా? అమ్మానాన్నలతో డేవిస్ వెళ్లాలంటే ఏది మేలు?

ఉగాది అయిందంటే చాలు, ఈ ప్రశ్న మొదలవుతుంది. కాలిఫోర్నియాలో శాక్రమెంటో, ఫోల్సమ్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లలో చాలామందికి ఏప్రిల్, మే నెలల్లోనే ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తారు. గుడి, కాస్ట్‌కో, గోల్డెన్ గేట్ రెండు వారాల్లో అయిపోతాయి, ఆ తర్వాత ఎక్కడికి తీసుకెళ్లాలో తోచదు. యూసీ డేవిస్ (డేవిస్ ఊళ్లో ఉన్న కాలిఫోర్నియా యూనివర్సిటీ) క్యాంపస్‌లో ఏవో జరుగుతాయట కదా, దేనికి వెళ్లమంటావని ఈ ఏడు కూడా ఐదారుగురు అడిగారు, అందుకని ఒకేచోట రాసేస్తున్నాను. మేం రెండూ చూశాం, ఒకే ఏడాదిలో, మా అమ్మానాన్నలతోనే.

పిక్నిక్ డే ఏప్రిల్‌లో ఒక శనివారం, ఒక్కరోజే. హోల్ ఎర్త్ మే నెలలో మదర్స్ డే వారాంతం, శుక్రవారం నుంచి ఆదివారం దాకా. రెండింటినీ విద్యార్థులే నడుపుతారు, రెండింటికీ ప్రవేశం ఉచితం. పోలిక అక్కడితో సరి, మిగతాదంతా తేడానే.

ముందు పిక్నిక్ డేతో వచ్చే ఇబ్బందులు చెప్పేస్తాను, ఎందుకంటే నాకు ఇష్టమైనది అదే, తర్వాత ఎవరూ నన్ను తిట్టుకోకూడదు. 70 వేలకు పైగా జనం వస్తారు. డేవిస్ చిన్న ఊరు, ఆ రోజు కారు పెట్టుకోవడానికే గంట పట్టొచ్చు. 200కి పైగా కార్యక్రమాలు క్యాంపస్ అంతా పరుచుకుని ఉంటాయి, ఒక చివర నుంచి ఇంకో చివరకి ఎండలో నడవాలి, మోకాళ్ల నొప్పులున్న వాళ్లకి నిజంగా కష్టం. పేరున్న వాటికి, అంటే ఆ పొట్టికాళ్ల డాక్స్‌హుండ్ కుక్కల పరుగుపందెం, కెమిస్ట్రీ మ్యాజిక్ షో లాంటి వాటికి, చాలాసేపు క్యూలో నిలబడాలి. పెద్దవాళ్లు వెంట ఉంటే ఆ రెండూ వదిలెయ్యండి. మధ్యాహ్నం దాటాక డౌన్‌టౌన్‌లో, అపార్ట్‌మెంట్ల వైపు తాగి గోల చేసే కుర్రాళ్లు కూడా కనిపిస్తారు. క్యాంపస్ లోపల అంత ఉండదు.

ఇన్ని ఉన్నా నేను పిక్నిక్ డేనే ఎందుకు ఎంచుకుంటానంటే, నా లెక్కలో తేల్చేది ఒకటే విషయం: మన పెద్దవాళ్లు అక్కడ ఊరికే చూసి వచ్చేస్తారా, ఎవరితోనైనా మాట్లాడతారా? అమెరికా వచ్చిన అమ్మానాన్నలు ఆర్నెల్లూ దాదాపు మౌనంగానే గడుపుతారు. షాపులో మనం మాట్లాడతాం, డాక్టర్ దగ్గర మనం మాట్లాడతాం, పక్కింటివాళ్లు పలకరిస్తే వీళ్లు నవ్వి ఊరుకుంటారు. మా నాన్న ఊళ్లో పదిమందిని కూర్చోబెట్టి మాట్లాడే మనిషి, ఇక్కడ సోఫాలో రిమోట్ పట్టుకుని కూర్చోవడం చూస్తే నాకు కడుపులో దేవినట్టుండేది.

యూసీ డేవిస్ పుట్టిందే వ్యవసాయం నేర్పడానికి. అప్పట్లో దాని పేరు యూనివర్సిటీ ఫార్మ్. 1909లో కొత్త పాడి పశువుల కొట్టం కట్టి, చూసి పొండని జనాన్ని పిలిస్తే దాదాపు 2 వేల మంది తిండి కట్టుకుని వచ్చారట, అదే పిక్నిక్ డేకి మొదలు. ఆ స్వభావం ఇప్పటికీ పోలేదు. ఆ రోజు ఏ డిపార్ట్‌మెంట్ తలుపు తీసినా అక్కడ చదివే పిల్లలు తాము చదివేదాన్నే బయట పెట్టుకుని నిలబడి ఉంటారు. పురుగుల మీద పరిశోధన చేసేవాళ్లు బొద్దింకలకి పందెం పెడతారు, ఈగ పిల్లపురుగుల్ని రంగుల్లో ముంచి కాగితం మీద పాకించి చిన్నపిల్లల చేత బొమ్మలు వేయిస్తారు (మా అమ్మ ఆ గదిలోకి రానంది).

నాన్న ఆగిపోయింది ఆవు దగ్గర. దాని ఎడమ డొక్కలో రబ్బరు మూత బిగించిన రంధ్రం ఉంటుంది, భుజం దాకా ప్లాస్టిక్ తొడుగు వేసుకుని చెయ్యి లోపలికి పెట్టి, అది తిన్న మేత ఎలా నానుతోందో చూడొచ్చు. ఆవు మాత్రం తన మానాన తాను నిలబడి మేస్తూనే ఉంటుంది. మా ఇంట్లో నాకు పెళ్లయ్యేదాకా నాలుగు గేదెలుండేవి. నాన్న కాసేపు చూసి, "అమ్మాయ్, ఇది నెమరు వేస్తుందా అడుగు" అన్నారు. అడిగాను. వేస్తుందంది అక్కడున్న విద్యార్థిని, పైగా వేరే పశువు జబ్బుపడి మేత అరగకపోతే దీని పొట్టలో నీళ్లు తీసి దానికి పట్టిస్తామని చెప్పింది. ఇక నాన్న ఆగలేదు. గడ్డి ఎంత, దాణా ఎంత, పాలెన్ని, ఈనాక ఎన్నాళ్లకి మళ్లీ కట్టిస్తారు. నేను తెలుగులోంచి ఇంగ్లీషులోకి, ఇంగ్లీషులోంచి తెలుగులోకి మారుస్తూనే ఉన్నాను, ఇరవై నిమిషాలు. 1924లో పశువులకి గాలికుంటు వ్యాధి రావడం వల్ల ఈ పండగ ఆపేశారని నేను ముందే చదివి ఉన్నాను, ఆ మాట చెబితే "ఇక్కడ కూడానా!" అని ఆశ్చర్యపోయారు. ఆ పిల్ల చివర్లో ఆయన చేతికి తొడుగు ఇచ్చింది. నాన్న ముందు ఆవుకి దణ్ణం పెట్టి, తర్వాత చెయ్యి లోపల పెట్టారు.

ఇలాంటిది హోల్ ఎర్త్‌లో దొరకడం కష్టం. అలాగని అది తక్కువదని కాదు. 1969లో ఒక ఆర్ట్ క్లాసుతో మొదలైన సంబరం అది, మధ్యలో ఉండే పెద్ద పచ్చిక మైదానంలోనే అంతా జరుగుతుంది. చెట్ల కింద దుప్పటి పరుచుకుని పాటలు వింటూ ఎంతసేపైనా కూర్చోవచ్చు, చుట్టూ చేతిపనుల దుకాణాలు, శాకాహారం తేలిగ్గా దొరుకుతుంది. నడక తక్కువ, తొందర అసలే లేదు, శుక్రవారం కుదరకపోతే ఆదివారం వెళ్లొచ్చు. నడవలేని వాళ్లుంటే, చంటిపిల్లలుంటే ఇంకో ఆలోచన లేకుండా ఇదే. మా అమ్మకి ఇదే నచ్చింది. అక్కడ చెత్త మిగలకూడదని గట్టి పట్టుదల, తిండి కడిగి వాడే ప్లేట్లలో పెడతారు, కొంత డిపాజిట్ కట్టి ప్లేటు తిరిగి ఇచ్చాక తీసుకోవాలి. ఆ ప్లేట్లు కడుగుతున్న వాలంటీర్లని చూసి అమ్మ, మన పెళ్లిళ్లలో విస్తరాకులు పోయి ప్లాస్టిక్ ఎందుకొచ్చిందని దారంతా బాధపడింది. ఆ మాట నన్ను కూడా చాలా రోజులు వదల్లేదు. కానీ అక్కడున్న నాలుగు గంటల్లో అమ్మ బయటివాళ్లెవరితోనూ ఒక్క ముక్క మాట్లాడలేదు. ధర అడగడం తప్ప దుకాణాల దగ్గర అడగడానికి పెద్దగా ఏమీ ఉండదు.

మిగతావి క్లుప్తంగా. వసంతంలో క్యాంపస్‌లో పౌవౌ కూడా జరుగుతుంది, ఇక్కడి ఆదివాసుల డప్పు, నాట్యం. డేవిస్ ఉన్న నేల పాట్విన్ ప్రజలది, ఇక్కడ ఉంటున్నందుకైనా ఒకసారి వెళ్లాలి. నాట్యకారులు వరసగా లోపలికి వచ్చేటప్పుడు అందరూ లేచి నిలబడతారు, ఫొటోలు తియ్యొద్దని చెప్పినప్పుడు ఫోన్ లోపల పెట్టెయ్యండి. హోలీకి స్టూడెంట్లు రంగులు చల్లుకుంటారు, అది కుర్రాళ్లకే బాగుంటుంది, పెద్దవాళ్లని తీసుకెళ్లకండి.

పిక్నిక్ డేకి వెళ్లేటట్టయితే కారు మర్చిపోండి. శాక్రమెంటోలో క్యాపిటల్ కారిడార్ రైలెక్కితే పావుగంట, ఇరవై నిమిషాల్లో డేవిస్, స్టేషన్ నుంచి క్యాంపస్‌కి నడిచి వెళ్లొచ్చు. పదింటికల్లా ఊరేగింపు దారిలో నీడపట్టున కూర్చోబెట్టండి, అది అయ్యాక నేరుగా పశువుల వైపు వెళ్లండి, ఆ తర్వాత ఓపిక ఉంటేనే మిగతావి. సాయంత్రం ఆర్బొరేటమ్‌లో, అంటే క్యాంపస్‌లోని చెట్ల తోటలో, చెరువు పక్కన కాలేజీ బ్యాండ్లు ఒకదానితో ఒకటి పోటీపడి వాయిస్తాయి. మర్చిపోకుండా టోపీ, నీళ్లు, పెరుగన్నం పట్టుకెళ్లండి.

ఈ ఏడు మా వాళ్లు మే మొదటి వారంలో దిగుతున్నారు, టికెట్లు అప్పటికే దొరికాయి, కాబట్టి మాకు హోల్ ఎర్తే. ఆ మాట చెబితే ఫోన్‌లో నాన్న, మిగతా రోజుల్లో ఆవుల్ని చూడనివ్వరా అని అడిగారు. క్యాంపస్‌లో టెర్సెరో అనే హాస్టళ్ల పక్కనే డెయిరీ ఉంది, రోడ్డు మీంచి కూడా ఆవులు కనిపిస్తాయి. అక్కడికి తీసుకెళ్తానని చెప్పాను.