స్కాటర్ టెర్రైన్: థర్మోకోలా, ఎక్స్‌పీఎస్సా, అట్టా? ఏది మేలు?

28 ఎంఎం బొమ్మలతో (కళ్ల దాకా సుమారు 28 మి.మీ. ఎత్తుండే చిన్న యోధుల బొమ్మలతో) యుద్ధాలు ఆడే బల్ల మీదకి కోటల కన్నా ముందు కావాల్సినవి చిన్నచిన్న అడ్డులు, అంటే స్కాటర్ టెర్రైన్: కూలిన గోడ ముక్క, బండరాళ్లు, పెట్టెల గుట్ట. పది పన్నెండు ఉంటే ఆట నడిచిపోతుంది. వాటిని దేంతో చేయాలన్నదే పేచీ. గోడలకైతే ఎక్స్‌పీఎస్‌కి (పూసల్లేని ఫోమ్ పలకకి) సాటి లేదు. మిగతావాటికి దాన్ని కొననక్కర్లేదు.

థర్మోకోల్ కొత్త టీవీ డబ్బాలో ఊరికే వస్తుంది. చౌకలో దీన్ని కొట్టేది లేదు. కాకపోతే అది పూసలన్నీ అతుక్కున్న పలక. బ్లేడు కాస్త మొద్దుబారినా పూసలు ఊడొస్తాయి. రాళ్ల గీతలు గీద్దామంటే గీత పడదు, గుంట పడుతుంది. రంగేశాక కూడా పూసలు కనిపించి, కోట గోడ కాస్తా వినాయక చవితి మండపంలా తేలుతుంది. టిష్యూ పేపర్ ముక్కల్ని నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో ముంచి రెండు పొరలు వేస్తేనే అవి దాగుతాయి. బండరాళ్లకి ఆ శ్రమ దండగ కాదు, టిష్యూ ముడతలే రాతి గరుకులా కుదురుతాయి. గోడకి మాత్రం వద్దు.

ఎక్స్‌పీఎస్ కూడా పాలిస్టైరీనే, కానీ పూసలుండవు, లోపలంతా ఒకే సన్నటి నురగ. ఇంటి పైకప్పుకి ఎండ దిగకుండా వేసే నీలం, గులాబీ పలకలు ఇవే. చిక్కల్లా పెద్ద పలకలుగా అమ్మడమే. నలుగురు కలిసి ఒకటి తెచ్చుకుని పంచుకోవడం మేలు.

10 సెం.మీ. పొడవు, 2 సెం.మీ. ఎత్తు, 1 సెం.మీ. మందం ముక్క తీసుకోండి. కొత్త బ్లేడుని ఏటవాలుగా పట్టి మూడు నాలుగుసార్లు తేలిగ్గా లాగాలి, ఒక్కసారే నొక్కితే కింది అంచు చిరుగుతుంది. పై అంచుని గోటితో గిల్లితే కూలిన గోడైపోతుంది. బాల్‌పెన్‌తో 8 నుంచి 15 మి.మీ. రాళ్లు గీయండి, పై వరస అతుకు కింది వరస అతుకు మీద పడకూడదు. అల్యూమినియం ఫాయిల్‌ని ఉండగా నలిపి గోడ మీద దొర్లించండి. ఆ గరుకు లేకపోతే డ్రైబ్రష్‌కి (దాదాపు ఆరిన బ్రష్‌తో పైపైన రంగు రాయడానికి) పట్టు దొరకదు.

ఎత్తు 2 సెం.మీ.యే ఎందుకంటే, బొమ్మ కళ్లు దాని బేస్‌తో (కాళ్ల కింది బిళ్లతో) కలిపి సుమారు 31 మి.మీ. దగ్గరుంటాయి. 3 మి.మీ. మందం అట్ట అడుగు మీద నిలిపిన ఈ గోడ ఛాతీ దగ్గర ఆగుతుంది. 30 దాటించారా, బొమ్మ కనబడుతోందా లేదా అని ప్రతి వంతులోనూ తగవే.

ఎక్కువమంది పాడుచేసుకునేది రంగు దగ్గరే. స్ప్రే ప్రైమర్‌లోని (మొదటి పూతగా కొట్టే స్ప్రే రంగులోని) సాల్వెంట్ ఈ రెండు ఫోమ్‌లనీ కరిగించేస్తుంది. ఫెవిక్విక్ థర్మోకోల్‌ని తింటుంది, బాగా కాగిన గ్లూ గన్ రెండింటికీ గుంటలు పెడుతుంది. అందుకని ముందు ఒక వంతు ఫెవికాల్, రెండు వంతుల నల్ల అక్రిలిక్ కలిపి బ్రష్‌తో పూయండి, గీతల లోపలికీ వెళ్లాలి. రాత్రంతా ఆరనిచ్చి ముదురు బూడిద, ఆపైన లేత బూడిద డ్రైబ్రష్ చేస్తే సరి. స్ప్రే అవసరమే రాదు. రెండు ఫోమ్ ముక్కల నడుమ ఫెవికాల్‌కి గాలి తగలదు, మర్నాటికి కూడా తడిగానే ఉంటుంది. టూత్‌పిక్ గుచ్చి నిలపండి.

పెట్టెలకి, అడుగులకి అట్ట చాలు. డబ్బా అట్ట కోసినచోట కనిపించే అలల్ని కాగితం పట్టీతో మూసేయాలి. ఒకవైపే తడిరంగు వేస్తే అప్పడంలా వంగుతుంది, రెండో వైపూ పూసి పుస్తకాల బరువు కింద ఆరబెట్టండి. ఫోమ్ గోడ తేలిక కాబట్టి చేయి తగిలితే పడిపోతుంది. అడుగున ఇనప వాషర్ ఒకటి అతికిస్తే కదలదు.