సామ్‌యాంగ్ 12 ఎంఎం ఎఫ్2 లెన్స్: చుక్కల ఫోటోల కోసం మూడేళ్ళు వాడాక నా మాట

పోయిన వారం మా ఆఫీసులో తమ్ముడొకడు సోనీ ఏ6400 కొని నా దగ్గరికొచ్చి "అన్నా, పాలపుంత తియ్యాలి, ఎంత వైడ్ అయితే అంత మంచిదంట కదా, 10 ఎంఎం ఏదైనా చూడనా" అన్నాడు (ఎంఎం అంటే లెన్స్ ఫోకల్ లెంగ్తు, అది ఎంత తక్కువైతే ఫ్రేములో అంత వెడల్పు పడుద్ది). సరిగ్గా అదే బుద్ధితో నేనూ డబ్బులు తగలేశా కాబట్టి వాడికి చెప్పిందే ఇక్కడా రాస్తున్నా, కాస్త పొడుగవుద్ది, ఓపికున్నవాళ్ళు చదవండి.

నాదీ అదే కెమెరా. మొదట కెమెరాతో పాటే వచ్చిన 16-50 కిట్ లెన్స్ పట్టుకుని ఏప్రిల్ అమావాస్యకి గండికోట పోయాం, రాత్రి రెండున్నరకి లేచి చూస్తే వృశ్చికం పూర్తిగా పైకొచ్చేసి పాలపుంత కంటికే కనపడతా ఉంది, ఫోటో తీస్తే మాత్రం రవ్వ ఆరబోసినట్టు ఒకటే గ్రెయిన్. వెడల్పు చాలట్లేదేమో అనుకుని హైదరాబాద్ వచ్చాక ఒక షాపులో సెకండ్‌హ్యాండ్ జూమ్ కొన్నా, కంపెనీ పేరొద్దులే, 10 ఎంఎం నుంచి మొదలవుద్ది కానీ ఎఫ్4 (ఈ ఎఫ్ నంబరు పెరిగేకొద్దీ వెలుగు తగ్గుద్ది). అంటే కిట్ లెన్స్ కంటే కూడా చీకటి! పైగా ఎడమ మూల చుక్కలు చక్కగా ఉంటే కుడి మూలవి నీళ్ళలో కరిగినట్టు ఉండేవి, లోపల అద్దం ఏదో పక్కకి జరిగుంటుంది. షాపాయన్ని అడిగితే "అన్నీ అంతే సార్" అన్నాడు. అన్నీ అంతే కాదు. సెకండ్‌హ్యాండ్ లెన్స్ కొనేవాళ్ళు నాలుగు మూలలూ చూసుకోకుండా డబ్బులివ్వకండి.

అప్పుడు కూర్చుని లెక్క నేర్చుకున్నా. ఫోకల్ లెంగ్తుని ఎఫ్ నంబరుతో భాగిస్తే వెలుగు దూరే కన్నం ఎంతో వస్తది. ఆ 10 ఎంఎం ఎఫ్4 కి రెండున్నర ఎంఎం. కిట్ లెన్స్ 16 దగ్గర ఎఫ్3.5 కి నాలుగున్నర. చివరికి నేను కొన్న ఈ సామ్‌యాంగ్ 12 ఎఫ్2 కి 6. సోనీ 20 ఎంఎం ఎఫ్1.8 కి 11. చుక్క అంటే ఒక బిందువు కదా, దానికి ఈ కన్నం ఎంత పెద్దదైతే అంత వెలుగు, పాలపుంత మాత్రం మబ్బులా పరుచుకున్న వెలుగు కాబట్టి దానికి ఎఫ్ నంబరే ముఖ్యం. ఎఫ్3.5 నుంచి ఎఫ్2 కి వస్తే అదే టైములో మూడింతల వెలుగు, ఐఎస్ఓ (కెమెరా వెలుగుని ఎంత పెంచి చూపాలో చెప్పే నంబరు, పెంచేకొద్దీ గ్రెయిన్) 6400 పెట్టేచోట 2000 చుట్టుపక్కల పెట్టుకోవచ్చన్నమాట. వెడల్పు వల్ల ఒరిగేది ఫ్రేములో ఎక్కువ ఆకాశం పట్టడం, చుక్కలు గీతలు పడే లోపు ఇంకొన్ని సెకన్లు దొరకడం, అంతే.

ఆ సెకన్ల గురించి అందరూ 500 రూల్ చెప్తారు, 500 ని ఫుల్ ఫ్రేమ్ లెక్కలో ఫోకల్ లెంగ్తుతో భాగించమని. మా కెమెరా సెన్సర్ ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్నది, క్రాప్ అంటారు, కాబట్టి 12 ని ఒకటిన్నరతో గుణిస్తే 18, అంటే 27 సెకన్లు. నమ్మి అంతసేపు షట్టర్ తెరిచి ఉంచా, ఫోన్లో చూస్తే అద్భుతం, కంప్యూటర్లో జూమ్ చేస్తే ప్రతి చుక్కా బియ్యపుగింజ. ఈ సెన్సర్ మీద ఆ 27 సెకన్లకి చుక్క అయిదారు పిక్సెళ్ళు జరుగుద్ది మరి. ఇప్పుడు 15 దాటట్లేదు, అవే పది ఫ్రేములు తీసి స్టాక్ చేస్తా, అంటే కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పేర్చి కలుపుతా.

లెన్స్ విషయానికొస్తే, ఇది నాకు బాగా నచ్చింది మూలల్లో. ఎపర్చర్ (పైన చెప్పిన వెలుగు దూరే కన్నం) పెద్దగా తెరిస్తే చాలా వైడ్ లెన్సుల్లో అంచు చుక్కలకి రెక్కలొచ్చి ఎగిరే పిట్టల్లా కనపడతాయి, దాన్ని కోమా అంటారు, ఇందులో ఎఫ్2 దగ్గర కూడా తక్కువే, ఎఫ్2.8 కి తిప్పితే ఇంకా శుభ్రం. మూలలు కొంచెం నల్లబడతాయి కానీ అది ఈ జాతి లెన్సులన్నిటికీ ఉండేదే, ఎడిటింగులో పోద్ది. బరువు పావు కేజీ, బ్యాగులో ఉన్నట్టే తెలీదు (సిగ్మా 14 ఎంఎం ఎఫ్1.4 కిలో పైమాటే, ట్రైపాడూ గట్టిది కావాలి). ముందు అద్దం ఉబ్బుగా ఉండదు, 67 ఎంఎం ఫిల్టర్ పడుద్ది. లైట్ పొల్యూషన్ ఫిల్టర్ అని ఒకటి కొన్నా, ఊళ్ళల్లో ఇప్పుడన్నీ తెల్ల ఎల్ఈడీలే కాబట్టి పెద్దగా పీకిందేం లేదు, ఆ డబ్బు పెట్రోలుకి పెట్టుకుని ఇంకో యాభై కిలోమీటర్లు చీకట్లోకి పోండి.

కెమెరా నిలువుగా పెడితే కింద నుంచి పైకి దాదాపు 89 డిగ్రీలు పడుద్ది. మన దగ్గర పాలపుంత నడిబొడ్డు దక్షిణాన సగం ఎత్తు దాకానే వస్తది కాబట్టి కింద కొండో గుడో పెట్టుకున్నా పైన ఇంకా చోటు మిగులుద్ది. ఆ 20 ఎంఎం ఎఫ్1.8 తో చుక్కలు ఇంకా ఎక్కువొస్తాయి, అబద్ధం చెప్పను, కానీ మా క్రాప్ సెన్సర్ మీద అది ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 30, ఇదే సీనుకి నాలుగైదు ఫోటోలు అతికించాలి, రేటు కూడా దీనికంటే చాలా ఎక్కువ. అతికించే ఓపికుంటే అదే కొనుక్కోండి.

నేను రాసేది మాన్యువల్ మోడల్ గురించి, ఆటోఫోకస్‌ది వేరే ఉంది. దీనికి కెమెరాతో కనెక్షనే లేదు, మెనూలో లెన్స్ లేకుండా రిలీజ్ అన్నది ఆన్ చెయ్యకపోతే షట్టర్ పడదు, మొదటి రోజు లెన్స్ పోయిందనుకుని గుండె ఆగినంత పనైంది. ఏ ఎపర్చర్‌లో తీశావో ఫైల్లో ఉండదు, కాగితం మీద రాసుకోవాలి. ఇక ఫోకస్. మాన్యువల్ లెన్స్ ఏదైనా ఇన్ఫినిటీ గుర్తు (చాలా దూరానికని రింగ్ మీద ఉండే ∞) దగ్గర ఆపి వదిలెయ్యకండి, జ్యేష్ఠ లాంటి బాగా మెరిసే చుక్కని స్క్రీన్ మీద పెద్దది చేసి, అది సూదిమొనంత అయ్యేదాకా రింగ్ మెల్లగా తిప్పి టేప్ వెయ్యండి.

డిసెంబర్లో లంబసింగిలో ఆ టేప్ కూడా తడిసి ఊడింది. తెల్లారుజామున మూడింటికి లెన్స్ మీద మంచు పట్టింది, చూసుకోలేదు, నలభై ఫ్రేములు పాలు ఒలికినట్టు తెల్లగా. తుడుస్తుంటే రింగ్ కూడా కదిలిపోయింది. ఇప్పుడు పాత సాక్సు కోసి, లోపల వేడి ప్యాక్ పెట్టి లెన్స్ చుట్టూ కడుతున్నా, ఫోకస్ గుర్తుకి మా చెల్లి నెయిల్ పాలిష్‌తో రింగ్ మీద ఎర్ర చుక్క పెట్టా, చీకట్లో వాడే ఎర్ర టార్చ్ వెలుగులో ఎర్రది కనపడట్లేదని మొన్నే దాన్ని తెల్లది చేశా.