షింజుకు సందుల్లో రెండు రాత్రులు, రెండు బిల్లులు

టోక్యోలో ఐదు రోజులున్నాం. నేను, మా ఆవిడ, మా బావమరిది. హోటలు, రైళ్లు, గుళ్లు అన్నీ బాగానే జరిగాయి. ఇది రాస్తున్నది మాత్రం షింజుకులో మొదటి రాత్రి మేం పోగొట్టుకున్న 24,480 యెన్ల కోసం.

వెళ్లాలనుకున్నది గోల్డెన్ గాయ్‌కి. షింజుకులోని కబుకిచో అనే పేటలో హనజొనో గుడి పక్కనే ఆరు సన్నటి సందులు, వాటిలో 200కి పైగా బుల్లి బార్లు. దారిలో సూటు వేసుకున్న కుర్రాడొకడు ఎదురొచ్చి, "అక్కడ ఈ రాత్రి ఖాళీ లేదు, మా బార్‌కి రండి, గంటకు మనిషికి 3,000, ఎంత తాగినా అంతే" అన్నాడు. బావమరిదికి అప్పటికే కాళ్లు పీకుతున్నాయి. "పద బావా, ఎక్కడైతే ఏంటి" అన్నాడు. లిఫ్టులో నాలుగో అంతస్తుకు తీసుకెళ్లారు.

నీళ్లు కలిపిన విస్కీ రెండేసి గ్లాసులు తాగామో లేదో, బిల్లు పెట్టారు. మనిషికి 3,000, సరే. దానిపైన, అవీ మనిషికే, టేబుల్ ఛార్జి 2,000, మేం అడగని చిరుతిండికి 800, రాత్రి వేళ అని 1,000. అంతా కలిపి దానిమీద 20 శాతం సర్వీసు. మన డబ్బుల్లో దాదాపు 14 వేల రూపాయలు! ఇదేంటని అడిగితే, జపనీస్‌లో ఉన్న మెనూ చివరి పేజీలో చీమ తలకాయంత అక్షరాలు చూపించారు. తలుపు దగ్గర మరో ఇద్దరు వచ్చి నిలబడ్డారు. మా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కట్టేసి బయటపడ్డాం. ఇలా దోచే బార్లకు అక్కడ 'బొత్తకురి' అని పేరే ఉంది. దళారుల వెంట వెళ్లొద్దని వీధిలో మైకులు చెబుతూనే ఉన్నాయి, మేం చెవిన పెట్టలేదు.

బావమరిది మర్నాడు సాయంత్రం దాకా మాట్లాడలేదు. "ఇంక బార్ల మాట ఎత్తకు" అంది మా ఆవిడ. నేనే పట్టుబట్టి గుడి వైపు నుంచి సందులోకి తీసుకెళ్లాను.

ఎదురుగా మనిషి వస్తే పక్కకు ఒరిగి దారివ్వాలి, అంత ఇరుకు. కొన్ని తలుపుల మీద సభ్యులకు మాత్రమే అని ఉంది. వాళ్ల పాత గిరాకీ వాళ్లది, దానికి నొచ్చుకోవాల్సిన పని లేదు. ఒక తలుపు మీద ఇంగ్లీషులో కాగితం: ఛార్జి 800, డ్రింకులు 700 నుంచి. అంతే, ఎక్కాం. మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉన్నాయి. 1958లో వ్యభిచార నిరోధక చట్టం పూర్తిగా అమలయ్యేదాకా ఈ పై గదుల్లో జరిగింది వేరే వ్యాపారం. తర్వాతే బార్లయ్యాయి.

పైన ఏడు సీట్లు. మేం ముగ్గురం పక్కపక్కన కూర్చునేలా ఇద్దరు పెద్దాయనలు గ్లాసులు పట్టుకుని జరిగారు. బార్ నడిపే మామా-సాన్‌కి డెబ్బై ఏళ్లుంటాయి. వెనక అలమారలో సీసాలు, వాటి మెడలకు వేలాడే పేర్ల చీటీలు. వాడుకగా వచ్చేవాళ్లు సీసా మొత్తం కొనుక్కుని అక్కడే ఉంచుకుంటారు. కూర్చోగానే ఉడికించిన ముల్లంగి పెట్టింది, ఇలా అడగకుండానే ముందు పెట్టే చిరుతిండిని 'ఒతోషి' అంటారు. మా ఆవిడ చేపలు తినదు. ఫోన్‌లో రాసి చూపించగానే మామా-సాన్ ఆ రసం వేలితో చూపించి తల అడ్డంగా ఊపింది, గిన్నె వెనక్కి తీసుకుంది. కీరా ముక్కలు కోసి, ఉప్పు చల్లి తెచ్చింది. ముల్లంగిలో చేప ముక్క కనబడదు, రసమే చేపది. శాకాహారులు అడగకుండా తినొద్దు.

హైబాల్ (సోడా కలిపిన విస్కీ) 700 చొప్పున నాలుగు, జింజర్ ఏల్ 600, ఛార్జి ముగ్గురికి 2,400. మొత్తం 5,800 యెన్లు, చేత్తో రాసిన చీటీ మీద. సీటుకు డబ్బులు తీసుకోవడం మోసం కాదు. ఏడు సీట్ల కొట్టు అలాగే నడవాలి. ఆ సంగతి తలుపు మీద చెప్పకపోవడమే మోసం. రాసి లేకపోతే కూర్చోకముందే అడగండి. వెయ్యి యెన్ల నోట్లు ఉంచుకోండి, కార్డు తీసుకోనివి చాలా ఉన్నాయి. ముగ్గురికి మించి వెళ్లకండి, అడగకుండా ఫొటోలు తీయకండి.

మూడో రాత్రి బావమరిదే ముందు నడిచాడు. మెట్ల కింది నుంచి పిలిస్తే మామా-సాన్ తొంగి చూసి, రెండు చేతులూ అడ్డంగా పెట్టి ఖాళీ లేదని చూపించింది. "అరగంట ఆగుదాం బావా" అని గోడకు ఆనుకుని నిలబడ్డాడు.