గంగవాయిలి కూర: ఆరు ఎండాకాలాల తర్వాత

మాది అనంతపురం. ఇంటి ముందు ఎర్రమట్టి జాగాలో లాన్ గడ్డి వేయించి, రెండు వేసవులు బోరు నీళ్లన్నీ దానికే పోసి, చివరికి విసుగొచ్చి వదిలేశాను. వాన పడగానే ఆ జాగాలో గంగవాయిలి దానంతటదే మొలిచింది. కలుపని పీకబోతుంటే పనికొచ్చిన పెద్దామె ఆపింది. "ఏంటికమ్మా పీకేది? పప్పులోకి ఏసుకోపో."

అప్పటి నుంచి పీకలేదు. మేలో కూడా వారానికి ఒకట్రెండు బకెట్లు చాలు. ఒకసారి పెళ్లికని వెళ్లి పన్నెండు రోజులు తాళం వేశాం. వచ్చేసరికి ఆకులు సగం రాలి, ఎర్రటి కాడలు మాత్రం నేల మీద పడున్నాయి. ఇక పోయిందనుకున్నా. ఒక్క తడి ఇచ్చాక నాలుగు రోజుల్లో చిగురేసింది. దాని కింద మట్టి వేలు పెట్టి చూస్తే చల్లగా ఉంటుంది, పక్కన ఖాళీ నేల కాలిపోతుంటుంది.

రుచి సంగతి చెప్పాలి. ఎండాకాలం తెల్లవారుజామున కోస్తే పుల్లగా ఉంటుంది, సాయంత్రం కోస్తే ఆ పులుపు ఉండదు. నా నాలుక భ్రమేమో అనుకున్నా, కాదు. నీళ్లు కరువైనప్పుడు ఈ మొక్క పగలు ఆకు రంధ్రాలు మూసుకుని, రాత్రిపూట గాలి పీల్చి ఆమ్లంగా దాచుకుంటుంది. పగలు దాన్ని వాడేసుకుంటుంది. అందుకే పొద్దున కోసిన ఆకుతో పప్పు చేస్తే చింతపండు సగానికి తగ్గిస్తా. కందిపప్పు ఉడికాక ఆకు వేసి అయిదు నిమిషాల్లో దించేయాలి. ఎక్కువ ఉడికితే జిగురు. రాగి సంగటిలోకి దీన్ని మించింది మా ఇంట్లో లేదు. కడగడం మాత్రం విసుగు, మట్టి వదలదు, మూడు నీళ్లు కావాలి.

లాన్‌లా ఉంటుందని మాత్రం ఆశపడొద్దు. తొక్కితే కాడలు చితికి కాలు జారుతుంది. గింజ పట్టాక మొక్క ముదిరి మధ్యలో బోడిగా తయారవుతుంది. చలికాలంలో మా జాగా దాదాపు ఖాళీయే. పైగా మొండిది. పీకి గట్టున పడేస్తే తుంచిన ముక్క కూడా వేళ్లు పట్టేస్తుంది. పక్కింటి వాళ్ల గులాబీ కుండీల్లోకి వెళ్లిన నేరం మా మొక్కదే, ఆ మాట వాళ్లతో ఇంకా చెప్పలేదు.

విత్తనం కోసం దుకాణాలు తిరగక్కర్లేదు. మధ్యలో ఓ నర్సరీలో అడిగితే నాచుపూల మొక్క అంటగట్టారు. గులాబీ రంగు పూలు పూశాక గానీ తెలియలేదు. గంగవాయిలిది చిన్న పసుపు పువ్వు. పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికల్లా ముడుచుకుంటుంది. కోసేటప్పుడు ఇంకో జాగ్రత్త: ఇలాగే నేలకు అతుక్కుని పాకే కలుపు ఒకటుంది, తుంచితే పాలు కారతాయి. అది కూర కాదు, తీసి పారేయండి. గంగవాయిలి తుంచితే వచ్చేది నీరే.

మా ఆయనకు కిడ్నీలో రాయి వచ్చాక డాక్టర్ ఈ కూర మానేయమన్నారు. ఇందులో రాళ్లు కట్టించే ఆక్సలేట్ అనే పదార్థం చాలా ఎక్కువట. ఇప్పుడు వారానికోసారి నాకూ అత్తమ్మకే వండుతున్నా.

పోయినేడు గేటు నుంచి గుమ్మం దాకా నడవడానికి కడప బండలు పరిపించాం. వాన పడ్డ వారానికే బండల సందుల్లోనూ మొలిచింది.